మిణుగురు పెట్టె

భీమిలి నుంచి మా హిమజ ఫోన్ చేసి "అమ్మా, దొరికేసిందే!" అని అరిచినప్పుడు, పిల్ల ఏ బస్టాండులోనో పడిపోయి ఉంటుంది, ఎవరో దాని ఫోన్‌లోంచి నాకు కబురు చెబుతున్నారు అనుకున్నాను. గొంతు దానిదేనని తెలుస్తూనే ఉంది. అయినా గరిటె పక్కన పడేసి స్టవ్ కట్టేశాను.

"ఏటి దొరికింది? ఎక్కడున్నావు? నాన్న పక్కనే ఉన్నాడా? మాత్ర ఏసుకున్నావా?"

"అన్నీ అయ్యాయే! మిణుగురు పెట్టె దొరికింది. దానయ్య తాత మంచం కింద ఉంది. దాని మీద కోడి పొదుగుతోందమ్మా!"

వెనకాల మా బావ నవ్వుతున్నాడు. బావ అంటే నా పెనిమిటి అప్పలసూరి, మేనత్త కొడుకు, పోర్టులో క్రేన్ నడుపుతాడు. "ఒలే వరాలూ, గుంట గంతులేస్తంది సూడు! కోడి లెగదు, ఇది ఆగదు!"

ఇరవై నాలుగేళ్ళ పిల్ల కోడితో పోట్లాడుతోంది. నవ్వాల్సిన మాటే. నేను మాత్రం కోడి కంట్లో పొడిస్తే ఏ ఆసుపత్రి దగ్గరా అని ఆలోచిస్తున్నాను.

మా హిమజ పాత వీడియో గేమ్ పెట్టెలు పోగుచేస్తుంది. మల్కాపురంలో మాది రెండు గదుల డాబా ఇల్లు. అందులో ఒక గది గోడంతా అవే, నలభై మూడు. ఓడల మీద పనిచేసిన వాళ్ళు ఏ ఏ దేశాల నుంచో తెచ్చి, ఆడి, పాడుచేసి, అటకమీద పారేసినవి. రష్యా నావికులు వదిలేసి పోయిన సబ్బుపెట్టెంత ఆట. క్యాసెట్టు పెడితే ముందు ఐదు నిమిషాలు కీచుమని అరిచి తరువాత నడిచే తెల్ల పెట్టె. ఏ దేశానిదో ఎవరూ చెప్పలేని, తుపాకీ ఒక్కటే మిగిలిన ఇంకో ఆట. అందరికీ తెలిసిన కంపెనీల పెట్టెలు దానికి అక్కర్లేదు. "పేరున్నవాటిని అందరూ దాస్తారమ్మా. ఇవి నేను దాయకపోతే ఒకప్పుడు ఉన్నాయని కూడా ఎవరికీ తెలీదు" అంటుంది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసింది. ఇంట్లోనే టీవీలు, మిక్సీలు బాగుచేస్తుంది. బయట ఉద్యోగానికి నేనే పంపలేదు.

ఎందుకంటే దానికి ఫిట్స్. ఐదో ఏట, బడిలో ప్రార్థన జరుగుతుండగా మొదటిసారి పడింది. డాక్టరమ్మ మొదట అడిగిన మాట "మేనరికమా?" అని. ఆ ఒక్క మాట నా గుండెలో పందొమ్మిదేళ్ళుగా ఉంది. కొందరికి ఫిట్స్ వచ్చే ముందు ఏదో వాసనో, మెరుపో తెలుస్తుందట. మా పిల్లకు ఏదీ తెలియదు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో తెగిపోతుంది. మాత్రలతో నెలకు ఒకటికో రెండుకో తగ్గాయి, అంతే. మా ఇంట్లో బల్లల మూలలకు పాత చీరల గుడ్డ చుట్టి ఉంటుంది. స్నానాలగదికి గడియ లేదు. తెర చూడడం వల్ల హిమజకు ఫిట్స్ రావని డాక్టరమ్మ నాలుగుసార్లు చెప్పింది. నేను నాలుగుసార్లూ తలూపి, ఇంటికొచ్చి టీవీ మీద తువ్వాలు కప్పాను.

దానయ్య గారు ఓడలో వంటవాడిగా చేసి రిటైరైనాయన. పెట్టె ఇచ్చినందుకు డబ్బు వద్దన్నాడు, టీవీ బాగుచేసి పెట్టమన్నాడు. మిణుగురు పెట్టె అన్నది మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు జపాను అక్షరాల్లో ఉంది, మూత మీద చిన్న మిణుగురు పురుగు బొమ్మ, దాని తోక దగ్గర ఆకుపచ్చ దీపం. ఎక్కడో చిన్న ఊళ్ళో ఒక చిన్న కంపెనీ రెండొందల పెట్టెలు చేసి మూతపడిందట. ఇప్పుడు ఇంకొకటి ఉందో లేదో ఎవరికీ తెలియదు. దాని వెంట వచ్చిన పుస్తకం కాగితాలు మాత్రం, ఎవరో ఫోటోలు తీసి పెడితే, హిమజ ఫోన్‌లోనే అనువాదం చేయించుకుని చదివింది. అందులో ఒక వాక్యం ఉంది. మిణుగురు పసుపు రంగుకు మారితే ఆట ఆపి పడుకోండి, అని. పోగుచేసేవాళ్ళందరూ అది వేళాకోళం అనుకున్నారు. హిమజ అనుకోలేదు. కానీ ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఆదివారం పొద్దున్న పెట్టెను తుడిచి, తీగలు మార్చి, టీవీకి తగిలించింది. తెర మీద నీలం నది, చుట్టూ రాళ్ళు, మధ్యలో లాంతరు పెట్టుకున్న పడవ. రెండు చేతులతో పట్టుకునే పిడి, దాని మీద రెండు బొటనవేళ్ళకూ రెండు మీటలు. పడవ ఒక్కో రాయి తప్పించుకున్నప్పుడల్లా బావ ఈల వేస్తున్నాడు. నేను గుమ్మం దగ్గర తాళాల గుత్తి పట్టుకుని నిలబడ్డాను. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మా అమ్మ చెప్పింది. వద్దని డాక్టరమ్మ చెప్పింది. నేను గుత్తి పట్టుకుంటాను, పెట్టను.

ఆకుపచ్చ దీపం పసుపైంది.

హిమజ పిడి కింద పెట్టేసింది. ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అమ్మా, గడియారం చూడు."

"ఏటే?"

"చూడు, అంతే. ఎంతైంది?"

"పదీ పన్నెండు."

చాప మీద దానంతట అదే పక్కకు తిరిగి పడుకుంది. ఒంట్లో బాగుందా అని అడిగితే బాగుందంది. బావను పడవ తోలమంది, ఆయన రాయికి గుద్దితే పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. పదీ పద్ధెనిమిది.

కళ్ళు తెరిచాక అది మొదట అడిగింది నీళ్ళు కాదు. "ఎన్ని నిమిషాలు?"

"ఆరు" అన్నాను.

"ఆరు నిమిషాలమ్మా! ఆరు నిమిషాల ముందు దానికి తెలిసింది!" అని నా మెడ పట్టుకుని ఊపేసింది. నేను ఏడవడం మొదలుపెట్టాను. బావ "ఏటి? ఏటైనాది? నాకూ సెప్పండే!" అని మా ఇద్దరి చుట్టూ తిరుగుతున్నాడు.

*

భానోజీ గారు హిమజకు డిప్లొమాలో పాఠం చెప్పిన మాస్టారు. ఇప్పుడు ఒక ఇంజనీరింగు కాలేజీలో ప్రయోగశాల చూస్తున్నారు. ఆయన మొదట నమ్మలేదు. అక్కడ రెండు వారాలు, రోజు విడిచి రోజు, హిమజ పడవ తోలింది. రెండోసారి దీపం పసుపైనప్పుడు ఆయనే గడియారం పట్టుకుని పక్కన కూర్చున్నారు. ఫిట్స్ వచ్చి, తగ్గి, పిల్ల లేచి కూర్చున్నాక ఆయన అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఎలా తెలుస్తోంది సార్ దానికి?" అని అడిగాను.

నా చేతికి పిడి ఇచ్చి రెండు మీటల మీదా బొటనవేళ్ళు ఆనించమన్నారు. పక్క కంప్యూటరు మీద రెండు గీతలు సన్నగా వణుకుతూ పోతున్నాయి.

"ఇవి మీ వేళ్ళేనమ్మా. ఎవరి వేళ్ళయినా కంటికి కనబడనంత వణుకుతూనే ఉంటాయి. సంతలో ఇద్దరు మనుషులు తిరిగినట్టు, కుడిది దాని దారి, ఎడమది దాని దారి. ఫిట్స్ వచ్చే ముందు ఆ ఇద్దరూ తెలియకుండా అడుగులు కలుపుతారు. ఆ కలపడాన్ని ఈ పెట్టె పట్టుకుంటోంది."

"మీ కంప్యూటరు పట్టుకోదా?"

ఆయన నవ్వారు. "అదేనమ్మా సిగ్గుచేటు. హిమజ గీతలు ఎన్ని విధాలుగా చూసినా నాకు మామూలుగానే ఉన్నాయి. ఆ కంపెనీలో ఎవరో మహానుభావుడు ఎన్ని వందలమంది పిల్లల చేతులు చూసి ఈ లెక్క కట్టాడో! అది ఈ చిప్పుల్లో తప్ప ఇంకెక్కడా లేదు."

మూత తీసి చూపించారు. లోపల పచ్చటి పలక, దాని మీద నాలుగు నల్ల చిప్పులు, ఒక్కోదాని నెత్తిన పాత టేపు ముక్క. కాళ్ళు తుప్పుపట్టాయి కాబట్టి ఊరికే పీకకూడదట. వాటిని చదివే పరికరం బయట నుంచి రావాలి, దసరా సెలవులు అయ్యాకే వస్తుంది. అప్పుడు నకలు తీస్తే ఇలాంటివి ఎన్నైనా చేయవచ్చు. "మీ అమ్మాయిలాంటి వాళ్ళు ఎంతమందో ఉన్నారమ్మా" అన్నారు. నాలాగా గుత్తి పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డ తల్లులందరూ ఒక్కసారి కనబడ్డారు.

ఆ వారంలోనే పిడి మీటల కింద రబ్బరు పొడిపొడిగా రాలిపోయింది. గుజరాతులో అలంగ్ అనే చోట పాత ఓడలను విరగ్గొట్టి, లోపలి సామాన్లన్నీ రోడ్డు పక్క దుకాణాల్లో అమ్ముతారట. అక్కడ ఒక దుకాణంలో అలాంటి పిడి ఉన్న ఫోటో ఎవరో పంపారు. హిమజ ఆగుతుందా? తండ్రీకూతుళ్ళు రైలెక్కారు. తొమ్మిది రోజుల ప్రయాణం. వెళ్ళేముందు పెట్టె బీరువాలో పెట్టి చెప్పింది:

"అమ్మా, పొరపాటున కూడా దీన్ని ముట్టుకోకు."

"నేనెందుకు ముట్టుకుంటానే? నాకేం పని?"

*

వాళ్ళు వెళ్ళిన రోజే వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. మూడో రోజు పొద్దున్న చూస్తే బీరువా వెనక గోడ చెమ్మగిల్లి నీళ్ళు కారుతోంది. బీరువా తెరిచాను. పెట్టె మీద తెల్లగా బూజు. ఎత్తి ఊపితే లోపల గుడగుడమంది.

నా కళ్ళ ముందు మొత్తం కనబడిపోయింది. పిల్ల ఊరినుంచి వస్తుంది, ఉత్సాహంలో స్నానం కూడా చేయకుండా ప్లగ్గు పెడుతుంది, షాకు కొడుతుంది. మిణుగురు దీపం పసుపైతే ఆరు నిమిషాలు ఉంటాయి. కరెంటు అన్ని నిమిషాలు ఇస్తుందా?

దాని స్క్రూడ్రైవరే తీసుకుని నాలుగు మరలు విప్పాను, వందసార్లు చూసిన పనే కదా. నీళ్ళు ఒంపాను. చిప్పుల మీది టేపులు నాని, జిగురు కారుతూ, ముట్టుకుంటే ఊడి వచ్చేశాయి. తీసేసి మెత్తటి గుడ్డతో తుడిచాను. ఒక్కో టేపు కింద గుండ్రటి చిన్న అద్దం, అద్దం లోపల బంగారు రంగులో ఏదో మిలమిలలాడుతోంది. మూడు అద్దాలు చిన్నవి, మధ్యది కాస్త పెద్దది. ఎంత అందంగా ఉన్నాయో!

వాన వెలిశాక కాసే ఎండ చురుకు మీకు తెలుసు కదా. డాబా మీద దిండ్లు, పరుపులు, మినప వడియాలు ఎండబెట్టాను. వాటి మధ్య పాత చీర మీద ఈ పలక. పొద్దున్న పెట్టి, పొద్దువాలే ముందు తీసి, ఆరు రోజులు. కాకి వచ్చి ముక్కుతో పొడుస్తుందేమోనని పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాను. గొడుగు నాకే. పలకకు ఎండ బాగా తగలాలి కదా.

ఆ మధ్యలోనే ఆయుధపూజ వచ్చింది. కుట్టుమిషను, గ్రైండరు, బావ స్కూటరు, హిమజ సోల్డరింగు పుల్ల, గోడనున్న పెట్టెలు, అన్నిటికీ తలా ఒక బొట్టు పెట్టాను. ఆఖరున డాబా ఎక్కాను. పలక మీద ఆ అద్దాలు ఒట్టి నుదుళ్ళలా కనబడ్డాయి. నాలుగున్నా వస్తువు ఒకటే కాబట్టి ఒక్క బొట్టే, మధ్యనున్న పెద్ద అద్దానికి, సానమీద చిక్కగా అరగదీసిన చందనం దట్టంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. పిల్లను కాపాడు తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను.

*

హిమజ పిడిని గుండెకు హత్తుకుని ఆటో దిగింది. దొరికిందే, కొత్తదానిలా ఉందే, అంటూ నన్ను వెతుక్కుంటూ డాబా ఎక్కింది. ఆఖరి మెట్టు మీద దాని మాట ఆగిపోయింది. నేను పరుగున వెళ్ళాను, ఫిట్స్ అనుకుని. కాదు. పలకను చూస్తోంది.

"అమ్మా, దీని మీద టేపులేవీ?"

"కుళ్ళిపోయాయి, తీసేశాను. చూడు, తడి చుక్క లేదు ఇప్పుడు!"

చున్నీ లాగి పలక మీద కప్పింది, వానలో పసిబిడ్డను కప్పినట్టు. "ఎన్నాళ్ళు పెట్టావు?"

"ఆరు రోజులు. కాపలా కూడా కూర్చున్నాను."

"ఆ అద్దం మీద ఎండ పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుందమ్మా! మళ్ళీ కొత్తగా రాసుకోవడానికని ఆ రోజుల్లో అలా చేశారు. అందుకే టేపు. అందుకే ముట్టుకోవద్దన్నాను." చున్నీ కాస్త ఎత్తి లోపలికి చూసింది. నవ్వో ఏడుపో తెలియని శబ్దం వచ్చింది దాని గొంతులోంచి. "చంపేసి బొట్టు కూడా పెట్టావా!"

బావ మెట్ల మీద సంచులు దించి నిలబడ్డాడు. "ఒలే, దానికి తెలీదు కదే పాపం" అన్నాడు. ఆ మాట ఎవరు వినిపించుకుంటారు?

పరికరం వచ్చింది. ప్రయోగశాలలో మొదటి చిప్పు పెట్టారు. ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదీ అంతే. నాలుగోది, ఆ పెద్దది, పలకకే సీసంతో అతికించి ఉంది. "మూడు పోయాక నాలుగోది మాత్రం ఏముంటుంది సార్" అని హిమజ పలకను గుడ్డ సంచిలో పడేసి ఇంటికి తెచ్చింది. నా చేతిలో పెట్టింది. "ఇదిగో, పూజగదిలో పెట్టుకో. బొట్టు ఉంది కదా."

పెట్టుకున్నాను. ఇంకేం చేయను?

ఆ తరువాత హిమజ నాతో కోపంగా లేదు. అదే నన్ను భయపెట్టింది. నవ్వుతోంది, అన్నం తింటోంది, భానోజీ గారికి ఫోన్ చేసి కొత్త చిప్పుకు మొదటినుంచీ నేర్పవచ్చా అని అడుగుతోంది. నేర్పవచ్చుగానీ ఎన్నో ఫిట్స్ చూపించాలి, ఎంతోమంది కావాలి, ఏళ్ళు పడుతుంది అని ఆయన చెప్పారట. "ఒక్కదానివే అయితే, నెలకు ఒకటి చొప్పున, ఎప్పటికయ్యేను?" అన్నారట.

దాని మాత్రలు నేను రోజూ చూసుకుంటాను. డబ్బాలో లెక్క సరిగానే ఉంది. కానీ ఒక పొద్దున్న పెట్టెల మీద దుమ్ము దులుపుతూ ఆ తెల్ల క్యాసెట్టు పెట్టె మూత నొక్కితే, కటకటమని లోపలినుంచి ఎనిమిది మాత్రలు రాలి నేల మీద దొర్లాయి.

హిమజ చూసింది. నేనూ చూశాను.

"ఎన్ని రోజులైంది?"

"నాలుగు."

"ఎందుకే?"

"తరచుగా వస్తే చిప్పు తొందరగా నేర్చుకుంటుంది." తల వంచుకుని, ఎంతో మెల్లగా అంది, "నువ్వు చెరిపింది నేను మళ్ళీ రాయాలి కదమ్మా."

డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది, ఉన్నట్టుండి మాత్రలు మానేస్తే ఒకదాని మీద ఒకటి ఆగకుండా వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది అని. నేను అరవలేదు. ముందు డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పిన మాత్ర నా చేత్తో వేసి, నోరు తెరిపించి చూశాను. దాని చెయ్యి తీసి బావ చేతిలో పెట్టాను. "నేను వచ్చేదాకా దీన్ని వదలకు బావా, స్నానానికి కూడా." పూజగదిలోంచి సంచీ తీసుకున్నాను.

"ఏటి, ఎక్కడికే?" అన్నాడు.

"దాని మాస్టారి దగ్గరికి."

నేను ఒక్కదాన్నే బస్సెక్కి ఊరి ఆ చివరికి వెళ్ళడం అదే మొదటిసారి. బస్సు కొండ దిగుతుంటే బ్రేకులు పోతాయేమోనని భయపడడం కూడా గుర్తు రాలేదు.

*

భానోజీ గారి బల్ల మీద ఎనిమిది మాత్రలు పోశాను. ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "నేను చెప్పలేదమ్మా! నేను అలా చెయ్యమంటానా?"

"మీరు చెప్పలేదు సార్. మీరు కాదనండి, అంతే. అలా నేర్పే చిప్పు నాకు వద్దని దాని ముఖం మీద చెప్పండి. నా మాట వినదు. అంతా నేను చేసిందే." ఇక ఆపుకోలేక మొదటినుంచీ చెప్పేశాను. గోడ చెమ్మ, నానిన టేపులు, గుడ్డతో తుడిచింది, వడియాలు, కాకులు, గొడుగు, ఆరు రోజులూ ఏ ఎండలో ఎంతసేపు పెట్టానో అదీ, ఆయుధపూజ, చందనం. సంచిలోంచి పలక తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన ఓపిగ్గా వింటున్నారు. పలక వంక చూశారు. ఉన్నట్టుండి ముందుకు వంగారు.

"బొట్టు ఎప్పుడు పెట్టారు?"

"చెప్పాను కదా సార్, ఆయుధపూజ నాడు. ఎండలో పెట్టిన మర్నాడు."

"తరువాత తుడిచారా?"

"పూజలో పెట్టిన బొట్టు ఎవరైనా తుడుస్తారా సార్? దానంతట అదే రాలాలి."

"హిమజ తుడిచిందా?"

"అది పలకను సంచిలో పడేసింది. మళ్ళీ ముట్టుకోలేదు."

"అంటే ఈ అద్దానికి తగిలింది ఆరింట్లో ఒక్కరోజు ఎండే..." ఆయన గోటితో బొట్టు అంచు తాకబోయి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చందనం పెంకులా గట్టిపడింది. "ఎంత దట్టంగా పెట్టారమ్మా!"

"పిల్ల ప్రాణం కదా సార్" అన్నాను. తప్పు చేశానేమోనని మళ్ళీ భయం పట్టుకుంది.

ఆయన లేచి కిటికీ తెరలన్నీ వేసేశారు. వేడిగాలి గొట్టం తెచ్చి చిప్పు కాళ్ళ దగ్గర సీసం కరిగించడం మొదలుపెట్టారు. ఒక్కో కాలూ వదులుతుంటే నా చీర కొంగు నా నోట్లోనే ఉంది. విరిగిపోతుంది, కాలిపోతుంది, ఆయన చెయ్యి జారుతుంది. నేను ఊహించనిది ఒక్కటీ మిగల్లేదు. చిప్పు ఊడింది. బొట్టుతో సహా పరికరంలో పెట్టారు. కంప్యూటరు మీద అంకెలు రావడం మొదలైంది.

"ఖాళీ అయితే అన్నిచోట్లా ఒకే గుర్తు వస్తుందమ్మా" అన్నారు.

ఒకే గుర్తు రాలేదు. రకరకాలుగా, వరసలు వరసలుగా, తెర నిండిపోయి పైకి పాకుతూ వస్తూనే ఉన్నాయి. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఆయన వాటిని వేలితో వెంబడిస్తూ చదువుతున్నారు, మధ్యలో ఒక చోట బల్ల మీద గట్టిగా చరిచారు. "కుడి, ఎడమ! ఇదే! ఇది వేళ్ళ లెక్కే! ఆట ఆ మూడింట్లో ఉంది, లెక్క దీంట్లో ఉంది! అక్కడక్కడా రెండు మూడు అక్షరాలు పోయాయి, అంతే, వాటిని పూడ్చుకోవచ్చు!"

నేను ఫోన్ తీశాను. అంకెలు రెండుసార్లు తప్పు నొక్కాను. ఆయనే కలిపి ఇచ్చారు.

"దొరికేసిందే!" అని అరిచాను.

అవతల హిమజ నా మాట పూర్తికానివ్వలేదు. "అమ్మా? ఎక్కడున్నావు? పడిపోయావా? ఎవరైనా పక్కనున్నారా?"

*

పడవ ఆట మాత్రం పోయింది. ఆ నది, ఆ లాంతరు ఇంక ఎక్కడా లేవు. ఎవరికీ అక్కర్లేనివి దాచే పిల్ల చేతుల్లోంచి, నా చేతుల మీదుగా, పోయాయి. హిమజ ఒక పూటంతా ఆ ఖాళీ చిప్పులు ముందు పెట్టుకుని కూర్చుంది. రాళ్ళు ఏ వరసలో వచ్చేవో గుర్తున్నంతవరకు కాగితం మీద గీసుకుంది. నేను పక్కనే కూర్చున్నాను. క్షమించమని అడగలేదు. అది అడగనివ్వలేదు. "ఇక్కడ రాయి ఎడమనా కుడినా, గుర్తుందా?" అని నన్నే అడిగింది. ఎడమన అన్నాను. ఆ పడవ మునుగుతుందేమోనని నేను ప్రతి రాయినీ చూస్తూ ఉన్నానాయె.

వేళ్ళు ఏదో ఒక పనిలో ఉంటేనే ఆ లెక్క నడుస్తుంది. పాత ఆట లేదు కాబట్టి కొత్తది కావాలన్నారు భానోజీ గారు. హిమజ నెలరోజులు కూర్చుని రాసింది. నకలు చిప్పుతో పాటు దాన్ని మిణుగురు పెట్టెలోకే ఎక్కించి, మొదటిసారి టీవీకి తగిలించిన రోజున నన్ను పిలిచింది. తెర మీద డాబా, చీర మీద వరసగా వడియాలు, గొడుగు కింద ఒక లావుపాటి ఆవిడ. నాలుగు పక్కలనుంచీ కాకులు వస్తాయి. రెండు బొటనవేళ్ళతో ఆవిణ్ణి అటూ ఇటూ పరిగెత్తించి తోలాలి.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒలే వరాలూ, నిన్ను టీవీలోకెక్కించేసినాదే గుంట!"

"నేనంత లావా?" అన్నాను.

"గొడుగు వల్ల అలా కనిపిస్తోందమ్మా" అంది హిమజ, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

మాత్రలు ఒక్కటీ మానలేదు, ఇప్పుడు నా ముందే వేసుకుంటుంది. అందుకే ఇరవై రెండు రోజులు ఏమీ జరగలేదు. ఆకుపచ్చ దీపం ఆకుపచ్చగానే ఉంది. నకలు తీసిన చిప్పు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఇరవై మూడో రోజు పొద్దున్న నేను వంటింట్లో చారుకు పోపు వేస్తున్నాను.

"అమ్మా" అని పిలిచింది. అరవలేదు. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు.

వచ్చి చూస్తే దీపం పసుపుగా ఉంది.

"దిండు" అంది హిమజ.

దిండు అప్పటికే నా చంకలో ఉంది, ఎలా వచ్చిందో నాకే తెలియదు. చాప పరిచాను. స్టవ్ కట్టేసి వచ్చాను. బావకు ఫోన్ చేశాను. పిల్ల జడ వదులు చేశాను. గాజులు తీసి పక్కన పెట్టాను. ఇంకా మూడు నిమిషాలున్నాయి. పక్కన కూర్చుని దాని తల నిమురుతూ, చేతులు ఎంత ఖాళీగా ఉన్నాయో చూసుకున్నాను. తాళాల గుత్తి వంటింట్లో మేకుకే ఉండిపోయింది.

"భయంగా ఉందా అమ్మా?" అంది.

"ఉంది" అన్నాను. "ఇంకా రెండు నిమిషాలు ఉంటుంది."

అది నవ్వింది. నవ్వు మధ్యలో తెగింది. నా చెయ్యి అప్పటికే దాని తల కింద ఉంది.

తగ్గాక కళ్ళు తెరిచి ముందు నన్ను, తరువాత టీవీని చూసింది. ఆట ఆపడం మేమిద్దరం మరిచిపోయాం. తెర మీద గొడుగావిడ ఒక మూల నిలబడి ఉంది. చీర మీద ఒక్క వడియం లేదు, కాకులు తాపీగా నడుస్తున్నాయి.

"అన్నీ తినేశాయా?" అంది నీరసంగా.

"తింటే తిననీవే" అన్నాను. "మళ్ళీ పెడతాను."